మీరు పనిచేసే చోటు ఏం చేస్తుందండీ?

సుబ్రహ్మణ్యం గారికి మనిషి కనబడితే చాలు, "మీరు పనిచేసే చోటు ఏం చేస్తుందండీ?" అని అడగకుండా ఉండలేరు. మీరేం చేస్తారని కాదు. అది ఆయనకు తర్వాతి సంగతి. మీరు కలెక్టరు కావచ్చు, కలెక్టరు గారి తోటలో గడ్డి పీకేవారూ కావచ్చు. ముందు ఆ చోటు ఏం చేస్తుందో చెప్పాలి. చెప్పలేక నీళ్ళు నమిలారో, ఆయన చంకలోని జిప్పు సంచి తెరుచుకుంటుంది. అందులోంచి దేశంలోని పరిశ్రమలన్నిటినీ వర్గాలుగా విడగొట్టిన లావుపాటి పుస్తకం బయటికి వస్తుంది. ఇక ఆ పూట మీరు ఎక్కవలసిన బస్సు ఎక్కరు.

ఆ పుస్తకానికి ఆయన పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశారు. అట్ట మీద వెంకటేశ్వరస్వామి ఉండటంతో పుస్తకాన్ని కింద పెట్టరు. అన్నం తినేటప్పుడు ఒళ్ళో పెట్టుకుంటారు. "మా పెళ్ళిలో నన్ను కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదండీ" అని వాళ్ళావిడ అంటుంటారు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళారట. నోరు తెరిచి ఉంది, అందులో రెండు పనిముట్లు ఉన్నాయి, మాట్లాడే వీలు లేదు. అయినా డాక్టరు పక్కనున్న అమ్మాయిని చూసి ప్రాణం ఆగలేదు. జేబులోని పెన్ను తీసి అరచేతి మీద రాసి చూపించారు: "మీకు జీతం ఈ ఆసుపత్రి ఇస్తుందా, బయటి ఏజెన్సీ ఇస్తుందా?"

వాళ్ళమ్మాయి పెళ్ళిచూపుల కథ మా మండలంలో టీచర్లందరికీ కంఠతా వచ్చు. అబ్బాయి కోకాపేటలో ముప్పయ్యో అంతస్తులో పనిచేస్తాడు. కాఫీ ఇంకా రాకముందే కాబోయే మామగారు మొదలుపెట్టారు.

"మీ కంపెనీ ఏం చేస్తుంది బాబూ?"

"సొల్యూషన్స్ ఇస్తుందండీ."

"ఎవరికి?"

"క్లయింట్స్‌కి."

"పాపం, వాళ్ళకేం కష్టం వచ్చిందండీ?"

అబ్బాయి "నిజంగా తెలియదండీ, కనుక్కుని చెప్తాను" అన్నాడట. అబద్ధం ఆడలేదన్న ఒక్క ముక్క మీద సంబంధం ఖాయమైంది. పెళ్ళై రెండేళ్ళైంది. అల్లుడు ఇప్పటికీ కనుక్కుంటూనే ఉన్నాడు.

ఈయన సొంతూరు మండపేట. ముప్పయ్యేళ్ళుగా మా మండలంలోనే సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి హెడ్మాస్టరయ్యారు. అంతకుముందు రెండు జనగణనలు చేశారు. మొన్న ఫిబ్రవరిలో వచ్చింది మూడోది. అందులో ఆయన సూపర్‌వైజరు. ఆయన కింద ఇల్లిల్లూ తిరిగే ఆరుగురు టీచర్లలో నేనొకణ్ణి. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆయన కథే. కానీ ఇందులో తల దించుకోవలసింది నేను. చదివేవారు నవ్వుకోండి. నాకు మాత్రం రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

శిక్షణ రోజున మమ్మల్ని ఐదో తరగతి బెంచీల మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆయన బోర్డు మీద ఒక బిస్కెట్ బొమ్మ గీశారు.

"బిస్కెట్ ఫ్యాక్టరీలో పిండి కలిపేవాడు పరిశ్రమ రీత్యా ఎవడండీ?"

"బిస్కెట్ సార్."

"అక్కడ జమాఖర్చులు రాసేవాడు?"

"గుమాస్తా సార్" అన్నాను.

"కాదండీ! గుమాస్తా అన్నది వాడి వృత్తి. పరిశ్రమ బిస్కెట్టే. ఫ్యాక్టరీ జీతం మీద లారీ నడిపే డ్రైవరైనా బిస్కెట్టే. అదే బయటి ట్రావెల్స్ వాడు పంపిన డ్రైవరనుకోండి, వాడు రోజూ ఆ బిస్కెట్లే మోస్తున్నా, ఆ బిస్కెట్లే తింటున్నా, బిస్కెట్ కాడు. రవాణా. అర్థమైందాండీ?"

నా పక్కనున్న శ్రీలత మేడం గుసగుసగా, "మహేశ్ సార్, ఈయన బిస్కెట్‌తోనే మనల్ని సంపుతడు" అంది. ఆ రోజు నుంచి మా ఆరుగురిలో ఆయన పేరు బిస్కెట్ సార్. పేరు పెట్టింది నేనే.

నాకు ఇచ్చిన బ్లాకు నల్లగండ్లలో ఉంది. మా అపార్ట్‌మెంటు, దాని పక్కన ఇంకో రెండు, వాటి వెనక రేకుల ఇళ్ళ వరుస. మొత్తం నూట నలభై మూడు ఇళ్ళు. అంటే మా ఇల్లు కూడా నేనే రాసుకోవాలి.

మొదట రేకుల ఇళ్ళు ముగిద్దామనుకున్నాను. సత్తెమ్మ అనే ఆమె గడప ముందు అంట్లు తోముతోంది.

"యాడ పనిజేస్తవమ్మా?"

"సాఫ్ట్‌వేర్ల చేస్త సారు."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. "కంప్యూటర్ నడుపుతవా?" అన్నాను. పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. ఆమె తల వంచుకుని గిన్నె మరింత గట్టిగా తోమింది. నేను బండి దిగనైనా దిగలేదు. ఫోనులోని జనగణన ఫారంలో పరిశ్రమ దగ్గర సాఫ్ట్‌వేర్ అని కొట్టి ముందుకు పోయాను. ఆ వరుసలో ఎవరిని అడిగినా అదే మాట. హౌస్‌కీపింగ్ వాళ్ళు, గార్డులు, చాయ్ ఇచ్చేవాళ్ళు, అందరూ సాఫ్ట్‌వేరే. నాకూ హాయిగానే ఉంది, ఒకటే మాట కొట్టుకుంటూ పోవచ్చు.

మర్నాడు పొద్దున్నే సుబ్రహ్మణ్యం గారి ఫోను.

"మహేశ్ గారూ, మీ బ్లాకులో రేకుల కింద యాభై మూడు మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఉన్నారండీ. హైటెక్ సిటీని అక్కడికి మార్చారా?"

"వాళ్ళు చెప్పింది రాసిన సార్."

"చెప్పింది రాశారు. అడగాల్సింది అడిగారా? పదండి, నేనూ వస్తాను."

వచ్చారు. సత్తెమ్మ ఇంటి ముందు బకెట్ బోర్లించి ఉంటే దాని మీద కూర్చున్నారు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు.

"సత్తెమ్మ గారూ, మీరు పనిచేసే చోటు ఏం చేస్తుందండీ? అంటే మీకు జీతమిచ్చే చోటు."

ఆమెను గారూ అనీ అండీ అనీ ఎవరూ పిలిచి ఉండరు. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని చెప్పింది.

"మా ఏజెన్సోళ్ళు గా బిల్డింగులకు మనుషులను పంపుతరు సారు. పదకొండు బిల్డింగులున్నయి. ఊడ్చుడు, తుడుచుడు, అద్దాలు కడుగుడు, బాత్రూములు. మిషిన్లు, మందులు గూడ వాళ్ళయే. మాకు జీతం వాళ్ళే ఇస్తరు. సాఫ్ట్‌వేరోళ్ళు మాకేమియ్యరు. దీపావళికి ఒక్క స్వీట్ డబ్బా ఇస్తరు."

సుబ్రహ్మణ్యం గారి మొహం వెలిగిపోయింది. "చూశారాండీ! ఏ పని, ఎక్కడ, ఎవరి తరఫున, ఎవరి సామానుతో, అన్నీ చెప్పారు. భవనాలు శుభ్రం చేసే సేవ. రాయండి మహేశ్ గారూ. అమ్మా, ఈ నెలలో నాకు ఇంత తెలివిగా జవాబు చెప్పినవాళ్ళు లేరండీ."

"మరి నిన్న ఈ సారు నవ్విండు" అంది సత్తెమ్మ, నా వంక చూడకుండా.

ఆయన నా బండి వంక చూశారు. నేను అప్పుడు కూడా దాని మీదే ఉన్నాను. దిగాను.

అక్కడినుంచి మా అపార్ట్‌మెంటుకే తీసుకెళ్ళారు. నాలుగో అంతస్తులో ఆదర్శ్ అని ఒక కుర్రాడు ఉంటాడు. ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేస్తాడు.

"మీ కంపెనీ ఏం చేస్తుంది బాబూ?"

"మేం ఎండ్ టు ఎండ్ డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ చేస్తాం సర్."

"ఏది దేనిగా మారుతుందండీ?"

ఆదర్శ్ "ఒక్క నిమిషం సర్" అని టీమ్ లీడరుకు ఫోన్ చేశాడు. టీమ్ లీడరు మేనేజరును కలిపాడు. మేనేజరు ఇంకెవరినో కలిపాడు. ముప్పావుగంటలో నలుగురు పెద్దమనుషులు ఒకే కాల్‌లో ఒకరినొకరు "మనం ఏం చేస్తాం?" అని అడుగుతున్నారు. సుబ్రహ్మణ్యం గారు సోఫాలో ఓపిగ్గా కూర్చున్నారు. చివరికి ఎవరో పాతకాలపు ఉద్యోగి చెప్పాడు: చల్లటి సరుకు తీసుకెళ్ళే లారీల్లో వేడి ఎంతుందో ఎప్పటికప్పుడు చెప్పే ప్రోగ్రాము రాస్తారట.

"అంటే దారిలో ఐస్‌క్రీమ్ కరక్కుండా చూసే ప్రోగ్రామండీ!" అని సుబ్రహ్మణ్యం గారు చప్పట్లు కొట్టారు. "ఇది సాఫ్ట్‌వేరే. నిఖార్సైన సాఫ్ట్‌వేర్. రాయండి."

మేం మెట్లు దిగుతుంటే ఆదర్శ్ వాళ్ళమ్మకు ఫోన్ చేయడం వినబడింది. "అమ్మా, నేనేం చేస్తున్నానో తెలిసిందమ్మా. మేం ఐస్‌క్రీమ్ కరక్కుండా చూస్తామంట." నాలుగేళ్ళ నుంచి ఆ తల్లి అడుగుతూనే ఉందట.

ఇంతవరకూ బాగానే ఉంది. నా బాధల్లా ఆ మెట్లు మా రెండో అంతస్తు మీదుగా దిగుతాయనే.

ఇక్కడ మా నాయిన సంగతి చెప్పాలి. మా నాయిన పేరు కిష్టయ్య. జోగిపేట దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళు సెక్యూరిటీ గార్డుగా నిలబడి నన్ను బీయెడ్ దాకా చదివించాడు. నేను లోను పెట్టి ఈ ఫ్లాటు కొన్నాక, "ఇగ డ్యూటీ బంద్ పెట్టు నాయినా" అన్నాను. పదకొండు రోజులు ఆగాడు. పన్నెండో రోజు తెల్లాపూర్‌లో పెద్ద విల్లాల గేటు దగ్గర చేరిపోయాడు. పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా డ్యూటీ. "ఇంట్ల కూసుంటే గోడలు మీద వడ్డట్టైతది బిడ్డా" అన్నాడు.

నేనేమో అపార్ట్‌మెంటు సంఘానికి జాయింట్ సెక్రటరీని. మా గేటు దగ్గర వాచ్‌మన్ కునుకు తీశాడని మీటింగులో మాట్లాడే మనిషిని. మా నాయిన ఇంకో గేటు దగ్గర సెల్యూట్ కొడతాడని నలుగురికీ తెలిస్తే ఎలా? యూనిఫాం సంచిలో పెట్టుకుపొమ్మన్నాను. ఎవరైనా అడిగితే వాకింగ్‌కు వెళ్ళాడని చెప్పేవాణ్ణి. ఎదురింటి జయలక్ష్మి గారు లిఫ్టులో కనబడినప్పుడల్లా, "నాన్నగారు వాకింగ్‌కి వెళ్ళారాండీ?" అని అడిగేవారు. "వెళ్ళారండీ" అనేవాణ్ణి. రోజుకు ఎనిమిది గంటల వాకింగు, మూడేళ్ళుగా. ఈపాటికి మా నాయిన కాశీకి నడిచి వెళ్ళి తిరిగొచ్చి ఉండాలి.

జనగణనలో మా ఇంటి వివరాలు నింపిన సాయంత్రం, మా నాయిన పేరు దగ్గర "పని చేయడం లేదు" అని కొట్టాను. మా ఆవిడ స్వాతి వెనక నిలబడి చూసింది.

"మామయ్య పనిజేస్తలేడా?"

"రాస్తే ఏమొస్తది?"

"రాయకుంటే ఏమొస్తది?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరే, మెట్ల దగ్గరికి వద్దాం. సుబ్రహ్మణ్యం గారు మా తలుపు ముందు ఆగారు. మధ్యాహ్నం మూడైంది.

"ఇది మీ ఇల్లేగా? గుక్కెడు మంచినీళ్ళు దొరుకుతాయాండీ?"

"ఇంట్ల ఎవ్వరు లేరు సార్."

లోపల మా నాయిన దగ్గాడు.

"టీవీ సార్" అన్నాను.

"టీవీకి జలుబు చేసినట్టుందండీ" అన్నారు ఆయన. చెప్పుల స్టాండు మీద అద్దంలా తుడిచిన నల్ల బూట్లు ఉన్నాయి. వాటి వంక ఒక్క క్షణం చూసి, "సరే, దారిలో తాగుతాలెండి" అని దిగిపోయారు. ఎండలో, ఆ వయసు మనిషికి, గ్లాసు నీళ్ళు ఇవ్వలేదు నేను. లోపలున్న మా నాయినే తలుపు తీసి ఉంటే చెంబుతో తెచ్చి ఇచ్చేవాడు.

రెండు రోజుల తర్వాత నా నూట నలభై మూడు ఇళ్ళూ సుబ్రహ్మణ్యం గారి దగ్గరి నుంచి ఫోనులో ఎర్రగుర్తుతో తిరిగొచ్చాయి. అందరివీ ఒకటీ రెండూ తిరిగొచ్చాయి. నావి మొత్తం.

"ఎందుకు సార్?"

"పనివారి వివరాలు ఇంకోసారి చూడండి."

"ఎవరియి?"

"అన్నీ చూడండి."

చూశాను. సత్తెమ్మ వరుసంతా మళ్ళీ తిరిగాను. మళ్ళీ పంపాను. మళ్ళీ మొత్తం తిరిగొచ్చాయి. "ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి మహేశ్ గారూ." మూడోసారి ఆదర్శ్ నన్ను చూసి తనంతట తానే "ఐస్‌క్రీమ్ సర్!" అని తలుపు వేసుకున్నాడు. నాలుగోసారీ తిరిగొచ్చాయి. శ్రీలత మేడం, "సార్‌కు మీ మీద మస్తు ప్రేమున్నది" అంటే మిగతా నలుగురూ పగలబడి నవ్వారు.

నాకు తిక్క రేగింది. గడువు ఇంకా రెండు రోజులే ఉంది. తిన్నగా మండల ఆఫీసుకు పోయి, మా పైనున్న చార్జ్ ఆఫీసరు మేడంకు ఫిర్యాదు చేశాను. సుబ్రహ్మణ్యం గారికి చాదస్తం ముదిరిందని, కావాలనే నన్ను సతాయిస్తున్నాడని, ఇంకా ఏవేవో. బిస్కెట్ సార్ అన్న పేరు కూడా చెప్పాను. మేడం ఆయన్ను పిలిపించారు. సంచి చంకలో పెట్టుకుని వచ్చారు.

"ఈయన ఎంట్రీల్లో తప్పేముంది సార్? ఒక్క లైను చూపించండి."

ఆయన నా వంక చూశారు. ఒక్క లైను చూపించడానికి ఆయనకు అర నిమిషం పట్టేది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

"ఏ లైనూ లేదండీ" అన్నారు. "నా చాదస్తమే. పెద్దవాణ్ణి కదా, ఒకటికి నాలుగుసార్లు చూడాలనిపిస్తుంది."

"మీ చాదస్తానికి టీచర్లు బలి కావాలా? రేపు సాయంత్రానికి ఈయన బ్లాకు క్లోజ్ కాకపోతే మీకు మెమో ఇస్తాను."

"మంచిదండీ" అన్నారు. తన కంటే పాతికేళ్ళు చిన్నదైన ఆఫీసరు ముందు, గోడ పక్కన నిలబడ్డ ప్యూను వింటుండగా. నేను గెలిచానని ఛాతీ విరుచుకుని బండెక్కాను.

ఇంటికి వచ్చి స్వాతికి ఆ ఘనకార్యం చెప్తున్నాను. మా నాయిన డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్నాడు.

"ఎవలు? సుబ్రమణ్యం సారా?" అన్నాడు. "పుస్తకం సంచి పట్టుకొని తిరుగుతడు, గాయననా?"

"నీకెట్ల ఎరుక?"

"మా గేటు ముంగటి హోటల్ల చాయ్ తాగుతడు. మొదటి దినమే నన్నడిగిండు, నువ్వు పనిజేసే తావు ఏం జేస్తదని. జెప్పిన. యాడుంటవన్నడు. నల్లగండ్లల నా కొడుకు ఇంట్ల ఉంట, నా కొడుకు సారు, ఇప్పుడు గీ జనాభా డ్యూటీనే జేస్తుండని జెప్పిన. పేరడిగితే జెప్పిన." పెరుగు కలుపుకున్నాడు. "మల్ల నాకే బుగులైంది. సార్, వాడు నలుగుర్ల తిరిగేటోడు, నన్ను పనిజేస్తలేడనే రాయనియ్యుండ్రి, వానికి నామోషీ అయితది అన్న."

"ఆయనేమన్నడు?"

"గట్ల కుదరదన్నడు. లెక్క లెక్కనే అన్నడు. కానీ నీ పేరు మాత్రం నా నోట్లకెల్లి రాదు, నీ కొడుకే రాస్తడు, జర టైం పడ్తదన్నడు. ఏందిరా, సార్‌ను ఏమన్న అన్నవా?"

స్వాతి నా మొహంలోకి చూసి నాయిన కంచంలో ఇంకొంచెం పెరుగు వేసింది.

అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క ఇంటిని మాత్రమే తిప్పి పంపితే మిగతా ఐదుగురూ అది ఎవరి ఇల్లని చూసేవారు. అందుకే నూట నలభై మూడు ఇళ్ళ మధ్య మా ఇంటిని దాచి పంపాడు ఆ మహానుభావుడు. నాలుగుసార్లు. నేను నాయిన్ని దాచిపెట్టాను, ఆయన నన్ను దాచిపెట్టాడు. అందుకు నేను ఆయన్ను మేడం ముందు నిలబెట్టి తిట్టించాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

నాయిన చెయ్యి కడుక్కున్నాక ఫోను తీసి ఎదురుగా కూర్చున్నాను. కింద కూర్చున్నాను.

"నాయినా, నువ్వు పనిజేసే తావు ఏం జేస్తది?"

మా నాయిన నన్ను ఒకసారి చూశాడు. లేచి వెళ్ళి చొక్కా తొడుక్కుని, పై గుండీ దాకా పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"కావలి గాస్తది. మా ఏజెన్సీల మూడువందల మంది ఉన్నరు. కాలనీలకు, దవాఖానలకు గార్డులను పంపుతది. నేను గేట్ నంబర్ టూ. మొదటి డ్యూటీ. సీనియర్ గార్డ్ అని రాయి. పోయిన సాలే చేసిన్రు. నీకు జెప్పలే" అన్నాడు.

రాశాను. పంపించాను. నిమిషం కూడా కాలేదు. నూట నలభై మూడు ఇళ్ళూ పచ్చగుర్తుతో తిరిగొచ్చాయి. ఇళ్ళన్నీ మళ్ళీ చూసే మనిషికి నిమిషం చాలదు. ఒక్క లైను కోసం ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషికి చాలు.

మర్నాడు పొద్దున నాయిన యూనిఫాం ఇంట్లోనే తొడుక్కున్నాడు. తొడుక్కోమన్నది నేనే. లిఫ్టు దాకా నేనూ వెళ్ళాను. పాలప్యాకెట్లతో జయలక్ష్మి గారు ఎదురయ్యారు. ఈసారి నేనే చెప్పేశాను.

"మా నాయిన డ్యూటీకి పోతున్నడండీ. తెల్లాపూర్‌లో సెక్యూరిటీ."

"తెలుసు కదండీ" అన్నారావిడ తాపీగా. "మా చెల్లెలు వాళ్ళుండేది అక్కడేగా. మూడేళ్ళ నుంచీ తెలుసు. మీరు చెప్పుకోవడం లేదు కదాని మేమంతా వాకింగ్ అనేవాళ్ళం."

మేమంతా! నాలుగంతస్తుల వాళ్ళూ కలిసి మూడేళ్ళుగా నా పరువు కాపాడుతున్నారు. నేనేమో జాయింట్ సెక్రటరీని.

ఆఖరి మీటింగు రోజున, మేడం ముందు, ఐదుగురి ముందు లేచి నిలబడ్డాను. "ఆ రోజు తప్పు సుబ్రహ్మణ్యం సార్‌ది కాదు మేడం, నాది. నా బ్లాకులో ఒక ఇంట్లో..." అన్నానో లేదో, ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి బల్ల చరిచారు.

"గోప్యతండీ! ఏ ఇంటి వివరమూ బయట చెప్పకూడదని చట్టం ఉంది. కూర్చోండి!"

"సార్, అది మా ఇల్లే."

"మీ ఇల్లైనా సరే! కూర్చోండి!"

కూర్చున్నాను. అలా నాకు నలుగురిలో క్షమాపణ చెప్పుకునే దిక్కు కూడా లేకుండా చేశారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. ఇది ఆయన కంట పడితే మళ్ళీ బల్ల చరుస్తారు.

మొన్న ఆదివారం తెల్లాపూర్ వెళ్ళాను. గేట్ నంబర్ టూ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ మీద సుబ్రహ్మణ్యం గారు టీ తాగుతున్నారు. పుస్తకం ఒళ్ళో ఉంది.

"నన్ను క్షమించండి సార్. ఆ లైను..." అన్నాను.

"ఏ లైనండీ?" అన్నారు నిజంగానే మరిచిపోయినట్టు. "నాకు గుర్తులేదు. గుర్తున్నా చెప్పకూడదు."

మా నాయిన నవ్వి, "సార్, గిన్ని దినాలు మీరే అందర్ని అడిగిన్రు. ఇగ నేనొకటి అడుగుత. మీరు పనిజేసే తావు ఏం జేస్తది?" అన్నాడు.

ఆయన "బడండీ... చదువు... కానీ ఈ ఫిబ్రవరంతా గణన... రెండిట్లో ఏది ముఖ్యమైనదని తీసుకోవాలి? ఉండండి, ఉండండి" అని లేచి పుస్తకం తెరిచారు. వెలుతురు కోసం నాలుగడుగులు ముందుకు వేశారు. అది సరిగ్గా కార్లు వచ్చే దారి. ఒక కారు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. హారన్లు మొదలయ్యాయి. ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నారు. మా నాయిన గేటు ఎత్తలేదు. కార్ల వైపు అరచెయ్యి చూపించి, "జర ఆగుండ్రి. సార్ ఎతుకుతుండు" అన్నాడు.

ముందు కారాయన అద్దం దించి నా మీద పడ్డాడు. "ఏంటండీ ఇది? ఎవరా వాచ్‌మన్?"

"మా నాయినండీ!" అన్నాను. హారన్ల మధ్య వినబడదేమోనని గట్టిగానే అన్నాను. "సీనియర్ గార్డ్!"

పుస్తకంలోంచి తల ఎత్తకుండానే సుబ్రహ్మణ్యం గారు కేకేశారు: "గోప్యతండీ మహేశ్ గారూ! గోప్యత!"